దెబ్బతిన్న ఓడకు చిన్న రూపం: 1804 విశాఖ సాగర సమరం నమూనా తయారీ

సీతమ్మధార (విశాఖపట్నం): విశాఖ తీరంలో జరిగిన నౌకా యుద్ధం అనగానే నగరవాసులకు 1971 గుర్తుకు వస్తుంది. ఘాజీ జలాంతర్గామి మునక, బీచ్ రోడ్డులోని 'విక్టరీ ఎట్ సీ' స్మారకం, కురుసుర మ్యూజియం అందుకు కారణాలు. అంతకు 167 ఏళ్ల ముందే ఇదే సముద్రంలో, డాల్ఫిన్స్ నోస్ కొండ కనుచూపు మేరలో, పట్టపగలు మరో పోరు సాగింది. ఫ్రెంచి నౌకల దాడిని ఒంటరిగా ఎదుర్కొన్న బ్రిటిష్ యుద్ధనౌక 'సెంచూరియన్' తెరచాపలు చిరిగి, మోకులు తెగి, శరీరం నిండా దెబ్బలతో తీరం ముందు నిలిచింది. దెబ్బతిన్న యుద్ధనౌకను చిన్న నమూనాగా నిర్మించదలచిన ఔత్సాహికులకు ఇంతకంటే దగ్గరి ఇతివృత్తం దొరకదు. ఫ్లాటులోని ఒక బల్ల మీద, అందుబాటులో ఉండే సామగ్రితో దీనిని ఎలా రూపొందించవచ్చో తెలిపే వివరాలివి.

నమూనా వేరు, డయోరమా వేరు

ఓడను మాత్రమే కొలతల ప్రకారం తగ్గించి చేస్తే అది నమూనా. ఆ ఓడతో పాటు సముద్రం, తీరం, మనుషులు, ఒక నిర్దిష్ట క్షణం చేరితే అది డయోరమా అవుతుంది. నమూనా 'ఓడ ఎలా ఉండేది' అన్న ప్రశ్నకు సమాధానమిస్తుంది. డయోరమా 'ఆ రోజు ఏం జరిగింది' అన్న ప్రశ్నకు సమాధానమివ్వాలి. కనుక కర్ర కోయడానికి ముందు చరిత్ర చదవవలసి ఉంటుంది. దెబ్బతిన్న ఓడ విషయంలో ఇది మరింత అవసరం. ప్రతి రంధ్రానికీ, తెగిన ప్రతి మోకుకూ ఒక కారణం ఉండాలి.

ఆ రోజు జరిగింది

1804 సెప్టెంబరులో 50 ఫిరంగుల సెంచూరియన్ విశాఖ రేవు ఎదుట లంగరు వేసి ఉంది. ఈస్టిండియా కంపెనీ వర్తక నౌక 'ప్రిన్సెస్ షార్లెట్', మరో వర్తక నౌక 'బార్నబీ' దాని రక్షణలో ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయంలో ఒడ్డున ఉన్నారు. నౌక బాధ్యత లెఫ్టినెంట్ జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్‌ది.

ఉదయం వేళ నైరుతి దిక్కు నుంచి మూడు నౌకలు వచ్చాయి. అవి ఫ్రెంచి రియర్ అడ్మిరల్ లినోవా నౌకలు. 74 ఫిరంగుల 'మరెంగో' వాటిలో పెద్దది. మిగిలిన రెండూ 'అటలాంత్', 'సెమిలాంత్' అనే ఫ్రిగేట్లు. ఫిలిప్స్ అప్రమత్తంగా ఉండి కాల్పులు ప్రారంభించారు. పోరు సాగుతుండగానే కెప్టెన్ లిండ్ పడవలో ఓడకు చేరుకున్నారు. తీరంలోని ఫిరంగులు కూడా సెంచూరియన్‌కు తోడు నిలిచాయి.

కొంత విరామం తరువాత ఫ్రెంచి నౌకలు మళ్లీ దాడి చేశాయి. గుండు తగిలి సెంచూరియన్ లంగరు మోకు తెగింది. ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివారికి చిక్కింది. బార్నబీ ఒడ్డుకు కొట్టుకుపోయి నాశనమైంది. సెంచూరియన్ మాత్రం లొంగలేదు. మరమ్మతు చేసుకోగల స్థావరం హిందూ మహాసముద్రంలో ఎంతో దూరాన ఉన్నందున లినోవా మరింత నష్టానికి సిద్ధపడక వెనుదిరిగారు. సెంచూరియన్‌లో ఒకరు మరణించగా తొమ్మిది మంది గాయపడ్డారు.

ఈ ఓడ 1774లో ఇంగ్లండులోని హార్విచ్‌లో జలప్రవేశం చేసింది. విశాఖ పోరు నాటికి దాని వయసు 30 ఏళ్లు.

ఏ క్షణాన్ని ఎంచుకోవాలి

ఈ పోరులో డయోరమాకు అనువైన ఘట్టాలు మూడున్నాయి. మొదటిది ఫ్రెంచి నౌకలు సమీపిస్తుండగా కాల్పులు మొదలైన క్షణం. అప్పటికి ఓడకు దెబ్బలు లేవు. రెండవది లంగరు మోకు తెగి ఓడ కొట్టుకుపోతున్న క్షణం. మూడవది పోరు ముగిసిన తరువాత, సిబ్బంది తెగిన మోకులు ముడివేస్తూ, చిరిగిన తెరచాపలు దించుతూ ఉన్న సమయం.

కొత్తవారికి మూడవది అనుకూలం. ఫిరంగి పొగను నమూనాలో చూపడం కష్టం. దూదితో చేసిన పొగ ఎంత శ్రద్ధగా చేసినా దూదిలాగే కనిపిస్తుంది. పోరు తరువాతి దృశ్యంలో ఆ ఇబ్బంది ఉండదు. పైగా యుద్ధం చేసిన నష్టం, దాన్ని చక్కదిద్దుకునే మనుషుల శ్రమ రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

కొలతల లెక్క

సెంచూరియన్ ఫిరంగుల డెక్కు పొడవు సుమారు 146 అడుగులు, అంటే 44.5 మీటర్లు. బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. కురుసుర పక్కన నిలబడి చూసి, అందులో సగం కంటే తక్కువ పొడవులో 50 ఫిరంగులు, సుమారు 350 మంది మనుషులు ఇమిడిన ఓడను ఊహించుకుంటే దాని ఇరుకు అర్థమవుతుంది.

నిష్పత్తిని బట్టి ఆ డెక్కు పొడవు ఇలా మారుతుంది:

1:72లో సుమారు 24.3 అంగుళాలు
1:96లో సుమారు 18.3 అంగుళాలు
1:144లో సుమారు 12.2 అంగుళాలు
1:200లో సుమారు 8.8 అంగుళాలు

ముందుకు పొడుచుకు వచ్చే దూలం వల్ల మొత్తం పొడవు దీనికి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. స్తంభాల ఎత్తు కూడా డెక్కు పొడవుకు దాదాపు సమానంగా ఉంటుంది. అందుచేత 1:72 నమూనాకు ప్రత్యేకంగా ఒక గది మూల కేటాయించాలి. సీతమ్మధార వంటి నివాస ప్రాంతాల్లోని ఫ్లాట్లకు 1:144 సరిపోతుంది. ఈ నిష్పత్తిలో అయిదున్నర అడుగుల మనిషి అర అంగుళం కంటే కాస్త తక్కువ ఎత్తు ఉంటాడు. ముఖం దిద్దలేకపోయినా, భంగిమ స్పష్టంగా చూపవచ్చు.

దూరం విషయంలో మరో చిక్కు ఉంది. 1:144లో ఒక మైలు దూరం సుమారు 37 అడుగులవుతుంది. దూరాన ఉన్న శత్రునౌకను అదే బల్ల మీద అదే నిష్పత్తిలో పెట్టడం అసాధ్యం. ఫ్రెంచి నౌకలను వెనుక అట్టపై చిత్రించవచ్చు, లేదా బాగా చిన్న నిష్పత్తిలో చేసి వెనుక అంచున నిలపవచ్చు. అసలు చూపకుండా వదిలేసినా తప్పు లేదు.

కర్ర మన దగ్గరిదే

ఓడ నమూనాలకు విదేశాల్లో బాల్సా కర్ర వాడతారు. మన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి కూడా తేలికైనది, మెత్తగా తెగేది. ఓడ శరీరానికి అది బాగా నప్పుతుంది. ఏటికొప్పాక కళాకారులు లేతు మీద తిప్పే అంకుడు కర్ర నున్నగా వస్తుంది. స్తంభాల అడుగు భాగాలకు, పీపాలకు దానిని ఉపయోగించవచ్చు. సన్నని అడ్డకొయ్యలకు చీల్చిన వెదురు పుల్లను మించినది లేదు.

సముద్రంపై తేలుతున్న ఓడను చూపుతున్నందున నీటి మట్టానికి పైభాగం చేస్తే చాలు. పొణికి పలకలను ఓడ ఆకారపు అడ్డుకోతల ప్రకారం కోసి, ఒకదానిపై ఒకటి పేర్చి అతికించి, అంచులను ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ గుండ్రంగా దిద్దాలి. సందులు పూడ్చడానికి కొండపల్లి పద్ధతిలో చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు పనికివస్తుంది. అది ఆరిన తరువాత కర్రలాగే కోతకు లొంగుతుంది. పైన సన్నని పలక పట్టీలు అతికిస్తే అసలు ఓడ పలకల వరుసలు కనిపిస్తాయి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. లోపలి భాగం కనిపించేలా పెద్ద దెబ్బను చూపదలిస్తే, ఆ చోట పలకల దొంతరను ముందే తొలిచి, లోపల డెక్కు, దూలాలు అమర్చాలి. శరీరం పూర్తయ్యాక తొలిస్తే లోపల గట్టి కర్ర ముద్ద తప్ప మరేమీ కనిపించదు.

గుండు దెబ్బ ఎలా ఉంటుంది

ఎక్కువ నమూనాలు విఫలమయ్యేది ఇక్కడే. ఆధునిక యుద్ధనౌకకు తగిలిన షెల్ పేలుతుంది. ఉక్కు రేకు పువ్వులా విచ్చుకుంటుంది, చుట్టూ మసి, కాలిన రంగు, తరువాత తుప్పు వస్తాయి. ఆ చిత్రాలు చూసి 1804 నాటి కర్ర ఓడకు కూడా నల్లని పెద్ద గుంతలు పెడుతుంటారు. అది సరికాదు.

ఆనాటి ఫిరంగి గుండు సాధారణంగా గట్టి ఇనుప బంతి. అది పేలదు. మరెంగో వంటి 74 ఫిరంగుల ఫ్రెంచి నౌక కింది డెక్కులోని పెద్ద ఫిరంగుల గుండు వ్యాసం సుమారు 17 సెంటీమీటర్లు. 1:144లో అది 1.2 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే పెద్ద గుండు సూది మందం. పెన్సిలు మొన పట్టే రంధ్రం పెడితే, ఆ నిష్పత్తిలో అది ఏ ఫిరంగీ చేయలేని గాయమవుతుంది.

మరో విషయం. గుండు దూరిన వైపు, అంటే బయట, రంధ్రం చిన్నదిగా, అంచులు లోపలికి నొక్కుకున్నట్లు ఉంటుంది. గట్టి కర్ర నార కొంత తిరిగి మూసుకుంటుంది కూడా. అసలు విధ్వంసం లోపలి వైపు. అక్కడ కర్ర పేలికలై చిమ్ముతుంది. ఆనాటి నావికులను గాయపరిచిన వాటిలో గుండ్ల కంటే ఈ పేలికలదే పెద్ద పాత్ర. కనుక బయట సూదితో చిన్న రంధ్రం, దాని చుట్టూ రంగు రేగి కనిపించే లేత కర్ర, లోపల డెక్కు మీద చిందరవందరగా సన్నని పుల్లలు చూపితే దృశ్యం నిజానికి దగ్గరవుతుంది. కొత్తగా విరిగిన కర్ర తెల్లగా ఉంటుంది, నల్లగా కాదు.

ఫ్రెంచి ఫిరంగిదారులు శత్రునౌక కదలకుండా చేయడానికి స్తంభాలను, మోకులను గురిపెట్టడం పరిపాటి. సెంచూరియన్ విషయంలో కూడా మోకులకు, తెరచాపలకు తీవ్ర నష్టం జరిగింది. కాబట్టి దెబ్బల్లో ఎక్కువ భాగం డెక్కుకు పైనే ఉండాలి. ఆధారం లేకుండా స్తంభాలు కూలిపోయినట్లు మాత్రం చూపరాదు. చూడడానికి అది ఆకర్షణీయమే గానీ, నిలబడి ఉన్న ఓడను మనం పడగొట్టినట్లవుతుంది.

మోకులు, తెరచాపలు

మోకులకు నూలు దారం వాడవచ్చు. దారాన్ని తేనెమైనం ముద్ద మీదుగా రెండు మూడు సార్లు లాగితే నూగు అణిగిపోతుంది. స్తంభాన్ని నిలబెట్టే స్థిర మోకులకు తారు పూసేవారు కనుక అవి నల్లగా, తెరచాపలను ఆడించే మోకులు లేత గోధుమ రంగులో ఉండాలి.

తెగిన మోకు విషయంలో ఒక చిక్కు వస్తుంది. అసలు మోకు బరువుకు వేలాడుతుంది. దారానికి బరువు లేదు కనుక వంకరగా గాలిలో నిలుస్తుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో తడిపి, చివర చిన్న క్లిప్పు తగిలించి ఆరనిస్తే నిటారుగా వేలాడుతుంది. ఆరిన తరువాత క్లిప్పు తీసి చివర నారను సూదితో విడదీయాలి.

తెరచాపలకు పలుచని నూలు బట్ట గానీ, టిష్యూ కాగితం గానీ సరిపోతుంది. టీ డికాక్షన్‌లో ముంచి తీస్తే వాడిన తెరచాప రంగు వస్తుంది. గుండు దూరిన రంధ్రాలు గుండ్రంగా, అక్కడి నుంచి కుట్టు వెంట సాగిన చిరుగులతో ఉండాలి. అగ్గిపుల్లతో కాల్చి రంధ్రాలు పెట్టడం కొందరి అలవాటు. అది నిప్పంటుకున్న ఓడను సూచిస్తుంది కనుక ఇక్కడ పనికిరాదు.

జెండా కూడా చరిత్రకు సాక్ష్యమే. బ్రిటిష్ యూనియన్ జెండాలో ఐర్లండుకు చెందిన ఎర్రని ఏటవాలు గీతలు 1801లో చేరాయి. 1804 ఓడకు అవి తప్పక ఉండాలి. ఫ్రెంచి నౌకలకు మూడు రంగుల జెండా.

సముద్రం, తీరం

నేల పలకగా గట్టి ప్లైవుడ్ తీసుకుని, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అలలను మలచాలి. థర్మోకోల్ తేలికే గానీ, థిన్నర్ కలిసిన రంగులు, కొన్ని రకాల జిగురులు తగిలితే కరిగిపోతుంది. దానిని వాడితే ముందుగా ఫెవికాల్‌తో కాగితం పొర అతికించాలి. రంగులు వేసి ఆరాక పారదర్శక వార్నిష్ రెండు మూడు పూతలు వేస్తే నీటి మెరుపు వస్తుంది.

రంగు కోసం పుస్తకాలు చూడనక్కరలేదు. సెప్టెంబరులో ఆర్కే బీచ్‌కు వెళ్లి చూస్తే చాలు. ఒడ్డున ఇసుక కలిసిన మట్టి రంగు, తరువాత ఆకుపచ్చ, దూరాన నీలం. కెరటాలు ఒకే గీతగా కాక వరుసలు వరుసలుగా విరుగుతాయి. ఒడ్డుకు కొట్టుకుపోయిన బార్నబీని చూపదలచినవారు 2020 అక్టోబరులో తెన్నేటి పార్కు వద్ద ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ నౌక 'ఎంవీ మా' ఫొటోలు చూడవచ్చు. ఒరిగిన ఓడ చుట్టూ నురుగు ఎక్కడ చేరుతుందో, ఇసుక ఎక్కడ కోతకు గురవుతుందో వాటిలో కనిపిస్తుంది.

వెనుక దృశ్యంలో డాల్ఫిన్స్ నోస్ తప్పనిసరి. ఖొండలైట్ రాతితో ఏర్పడిన ఆ కొండకు ఎర్రటి ఛాయ ఉండాలి. అయితే నేటి ఫొటోను చూసి యథాతథంగా గీయరాదు. 1804లో కొండపై నేటి దీపస్తంభం లేదు. కొండ పక్కనున్న ఓడల ప్రవేశ మార్గం అప్పటికి తవ్వలేదు. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. కొండ పాదం వద్ద అలల తాకిడిని ఆపేందుకు రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచింది కూడా ఆ రేవు నిర్మాణ కాలంలోనే. 1804లో ఓడలు బయట సముద్రంలోనే ఆగేవి. సరుకులను, మనుషులను కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. మేకులు లేకుండా పలకలను తాడుతో కుట్టిన ఆ పడవలు కెరటాల తాకిడికి వంగి, విరగకుండా నిలిచేవి.

ఒడ్డున రెండు మసూలా పడవలను చేరిస్తే డయోరమాకు స్థలం పేరు వస్తుంది. పోరాడిన రెండు పక్షాలూ విదేశీయులే. ఆ గుండ్ల చప్పుడు విని ఒడ్డున నిలిచిన జాలర్లు, పడవవాళ్లు మనవాళ్లు. వారు లేకుంటే ఆ దృశ్యం ఏ దేశపు తీరమైనా కావచ్చు.

మనుషులను ఎలా చూపాలి

మృతదేహాలు, రక్తం చూపాలా అన్నది ప్రతి యుద్ధ డయోరమాలో ఎదురయ్యే ప్రశ్న. సెంచూరియన్‌లో మరణించింది ఒక్కరు. డెక్కు నిండా శవాలు పరిస్తే అది చరిత్ర కాదు. ఒక మూల తెరచాప గుడ్డ కప్పిన ఆకారం ఒకటి, పక్కన టోపీ తీసి నిలబడిన మనిషి ఒకరు చాలు. మిగిలినవారు పనిలో ఉండాలి. స్తంభం ఎక్కి మోకులు ముడివేసేవారు, నీరు తోడేవారు, విరిగిన పుల్లలు ఊడ్చేవారు కనిపించాలి.

ఇదే మర్యాద 1971 ఇతివృత్తాలకూ వర్తిస్తుంది. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ వద్ద మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీలోని వారెవరూ బతకలేదు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దాడి వల్ల మునిగిందని భారత్, లోపలి పేలుడు లేదా తన మందుపాతర వల్ల మునిగిందని పాకిస్థాన్ చెబుతున్నాయి. నమూనాలో దెబ్బ ఎక్కడ పెడితే ఆ వాదన పక్షం వహించినట్లే. అందుకే కారణంపై ఏకాభిప్రాయం లేని శిథిలం కంటే, వివరాలు నమోదైన సెంచూరియన్ కొత్తవారికి తగినది. అదే ఏడాది డిసెంబరు 9న దీవ్ సమీపంలో మునిగిన ఐఎన్ఎస్ ఖుక్రీకి అక్కడి స్మారకంలో గాజు గదిలో నమూనా ఉంది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిన ఆ ఓడను అక్కడ దెబ్బలు లేకుండా, నిండుగా చూపారు. అదీ ఒక పద్ధతే.

భద్రత, నిల్వ

రంగుల థిన్నర్లు, రెసిన్లు, తక్షణం అతికే జిగురులు వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలి. ఉప్పుకాగితం పట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పిల్లలు పదునైన కత్తులు వాడేచోట పెద్దలు ఉండాలి.

విశాఖలో నమూనాకు అసలు శత్రువు గాలిలోని తేమ. తేమకు దారాలు సాగుతాయి, కర్ర ఉబ్బుతుంది, బూజు పడుతుంది. శరీరానికి లోపల, బయట కూడా వార్నిష్ పూయాలి. గాజు పెట్టెలో ఉంచి, అడుగున సిలికా జెల్ సంచులు పెట్టి వానాకాలంలో మార్చాలి. తక్షణం అతికే జిగురు వాడితే, దాని ఆవిరి పోయేందుకు కొన్ని రోజులు ఆగి గాజు మూయాలి. లేకుంటే లోపలి వైపు తెల్లని పొర కడుతుంది. పెట్టెను ఎండ పడే కిటికీకి ఎదురుగా ఉంచరాదు.

నేర్చుకునేందుకు

ఎన్‌సీసీ నౌకా విభాగం కేడెట్లకు ఓడ నమూనాల తయారీ శిక్షణలో భాగం. అఖిల భారత నౌసైనిక్ శిబిరంలో ఈ అంశంపై పోటీలు కూడా ఉంటాయి. ఆసక్తి గల విద్యార్థులు తమ కళాశాలలోని నౌకా విభాగం ద్వారా మెళకువలు నేర్చుకోవచ్చు. బీచ్ రోడ్డులో 2002లో ప్రారంభమైన కురుసుర మ్యూజియం, సమీపంలోని విశాఖ మ్యూజియం పరిశీలనకు ఉపకరిస్తాయి.

పని పూర్తయ్యాక పెట్టెకు ఒక చిన్న ఫలకం అమర్చాలి. ఓడ పేరు, స్థలం, సంవత్సరం, నిష్పత్తి, మృతుల సంఖ్య అందులో ఉండాలి. ఏవి ఆధారంతో చేసినవో, ఏవి ఊహించి చేసినవో ఒక వాక్యంలో చెప్పాలి. మసూలా పడవలు ఆ క్షణాన సరిగ్గా ఎక్కడ ఉన్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ మాట ఫలకం మీద ఉంటే, చూసేవారు మిగిలినదంతా నమ్ముతారు.